వేములవాడ దాకా ఒక పడుగు

మా అత్తకు ఇరవైకి మించి లెక్క రాదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు ఆ సంగతి తెలిసింది. అటువంటి మనిషి పడుగు పోస్తే ఒక్క పోగు తేడా వచ్చేది కాదు. అదెట్లా అన్నది మాత్రం చాలా రోజులు అర్థం కాలేదు.

మాది నేత ఇల్లు. మంథనికీ పెద్దపల్లికీ నడుమ చిన్న ఊరు. నిజాం సిక్కా ఇంకా చేతులు మారుతున్న రోజుల్లో, గోదావరి అవతల లక్సెట్టిపేట నుంచి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మామ అప్పటికే లేడు. ఇంట్లో అత్త, మా ఇంటాయన, నేను, ఒక మగ్గం. మగ్గం ఆయనది, కండెలకు నూలు చుట్టడం నాది, పడుగు పోయడం అత్తది.

చీరలో పొడుగునా పోయే దారాలే పడుగు. మగ్గం ఎక్కించే ముందు వాటన్నిటినీ సమంగా పరచాలి. ఇంటి పక్క ఖాళీ జాగాలో వెదురు పుల్లలు వరుసగా పాతి, దారం పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ పుల్లల సందుల్లోంచి తిప్పుకుంటూ రావాలి. కొన్ని పోగులు కలిస్తే ఒక పుంజం. చీరకు ఇన్ని పుంజాలు, తువ్వాలకు ఇన్ని అని ఉంటుంది. ఒక పుంజం తక్కువైనా బట్ట పన్నా, అంటే వెడల్పు, తగ్గిపోతుంది, తర్వాత చేసేదేమీ ఉండదు. మిగతా ఇళ్ళల్లో చింతగింజలు పక్కన పెట్టుకుని లెక్కించేవాళ్ళు. మా అత్త దగ్గర గింజా లేదు, గీతా లేదు. పెదవులు మాత్రం కదిలేవి.

ఒక పొద్దున అంబలి గిన్నె తీసుకుపోయి, ఎంతవరకు వచ్చింది అత్తా అని అడిగాను. నడక ఆపలేదు, నా వైపు చూడలేదు.

"పెద్దపల్లి దాటిన. వాగు కాడున్న. నన్ను మాట్లాడియ్యకు."

గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పెద్దపల్లి మా ఊరికి కోసుల దూరం. ఆమె పుంజం ముడి వేసి వచ్చి, అరుగు మీద కూర్చుని, నా ముఖం చూసి కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత చెప్పింది.

పెండ్లికి ముందు, మంథనిలో పిల్లగా ఉన్నప్పుడు, వాళ్ళ బాపు ఇంటిల్లిపాదినీ బండి కట్టుకుని వేములవాడకు తీసుకుపోయాడట. రాజన్న గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేసే మొక్కు ఉండింది. బండి కుదుపు పడక ఈమె దారి పొడుగునా వెనకాల నడిచింది. ఆ నడకలో చూసిన ప్రతి బావీ, ప్రతి మలుపూ కంట్లో నిలిచిపోయింది. అత్తగారింటికి వచ్చాక పడుగు లెక్క తప్పినప్పుడల్లా ఆమె అత్త వేలి కణుపుల మీద కొట్టేదట. ఏం చెయ్యాలో తోచక ఆ దారిని పట్టుకుంది. దారిలో కనబడిన ఒక్కొక్కటికి ఒక్కో తిరుగుడు. బండి ఆగిన చోట ఒక పుంజం ముడి. మంథనిలో బయలుదేరి వేములవాడ గుడి మెట్లు ఎక్కేసరికి చీర పడుగు పూర్తవుతుంది. తువ్వాల అయితే పెద్దపల్లిలోనే ఆగిపోతుంది.

"ఎవలకు చెప్పకు బిడ్డా. ముసల్ది పురాగ పిచ్చిదైందని నవ్వుతరు."

నేను చెప్పలేదు. కానీ అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. పొయ్యి దగ్గరి నుంచే ఏడున్నవత్తా అని అడిగేదాన్ని. సుల్తానాబాదు అంటే గటుక పొయ్యి మీద పెట్టేదాన్ని, కొత్తపల్లి అంటే దించేదాన్ని. ఏనాడూ మాడలేదు.

మా వాడలో మనుమలు పుట్టిన ఆడవాళ్ళకు వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టేవాళ్ళు. అదే మర్యాద, అదే గౌరవం. కూర్చున్నవాళ్ళకు ముందు మోకాళ్ళు పట్టేవి, తర్వాత మాట తడబడేది. మా అత్త వాళ్ళందరికంటే పెద్దది. పొద్దున లేచి వేములవాడ దాకా నడిచి, తిని, మాపటికి వాడ ముచ్చట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఏ ఇంట్లో ఏ బర్రె ఎప్పుడు ఈనిందో ఆమెనే అడిగేవాళ్ళు.

నా కాన్పుకు లక్సెట్టిపేట పోయిన యేడు ఇది తలకిందులైంది. గోదావరి నిండుగా వచ్చి రేవులో పడవలు ఆగిపోవడంతో నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రోజులు అవతలే ఉండిపోయాను. ఇక్కడ జరిగింది తర్వాత అత్త, ఆమె తమ్ముడు, మా ఇంటాయన ముగ్గురూ చెబితే విన్నాను. ముగ్గురూ మూడు తీర్లు చెప్పారు కానీ ఈ మాటల దగ్గర మాత్రం ఎవరూ తేడా పడలేదు.

అత్త తమ్ముడు, మేము మంథని మామ అనేవాళ్ళం, అక్కను చూసిపోదామని వచ్చాడు. ఆమె పడుగు మీద ఉంది.

"అక్కా, మంచిగున్నవా?"

"జర ఆగు తమ్మీ. సుల్తానాబాదు ఇంకా రాలే."

"ఎటు పోతున్నవే?"

"వేములాడకు."

"ఎవలతోటి?"

"ఇంకెవలతోటి, బాపుతోటి."

బాపు పోయి ఎంతకాలమో అయింది. కొరివి పెట్టింది ఈయనే. మంథని మామ ఉన్నచోటనే కూలబడి కండువా కండ్లకు అద్దుకున్నాడట. అది చూసి కూడా ఆమె ఆగలేదు. పుంజం నడుమ ఆగితే తొవ్వ తప్పిపోనా, అన్నది తర్వాత నాతో, తప్పంతా తమ్ముడిదే అన్నట్టు. వేములవాడ చేరి, ముడి వేసి, సంతోషంగా లోపలికి వచ్చేసరికి మామ, మా ఇంటాయన ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ఆమె చెప్పాలనే చూసింది. నిజంగా పోతలేను, మనసులోనే పోతున్నాను, రోజూ పోతాను అని. ఎంత చెబితే అంత చెడింది. మంథని మామ చంటిపిల్లతో మాట్లాడినట్టు, అవునక్కా, పోయిరా, రోజూ పోయిరా అని వీపు నిమిరాడట. ఇక ఆమె మాట్లాడడం మానేసింది.

హకీమును పిలిపించారు. తలకు చల్లటి నూనె, ఎండ తగలొద్దు, పని చెప్పొద్దు, ఎక్కువ మాట్లాడించొద్దు అన్నాడు. ఇన్నేండ్లు తల్లిని ఎండలో తిప్పానని మా ఇంటాయన లోలోపల కుమిలిపోయాడు. వెదురు పుల్లలు పీకి అటక మీద పెట్టాడు. వాకిట్లో మంచం వేశాడు. పడుగు పోయడానికి పక్క వాడ నుంచి ఒక మనిషిని మాట్లాడుకున్నాడు. దసరా పోయాక అక్కను తీసుకుపోయి ఉన్నన్నాళ్ళు కూర్చోబెట్టి చూసుకుంటానని మంథని మామ మాట ఇచ్చి వెళ్ళాడు. ఎవరినీ తప్పుపట్టలేను. చేసిందంతా ప్రేమతోనే చేశారు.

వరద తగ్గి, పసిదాన్ని ఎత్తుకుని నేను వచ్చేసరికి అత్త మంచం మీద ఉంది. నూనె చెవుల మీదుగా కారుతోంది. నన్ను ఎప్పుడో పెండ్లయి పోయిన ఆడబిడ్డ పేరుతో పిలిచింది. ఈ పిల్ల ఎవలదని అడిగింది. పెట్టిన బువ్వ తిని, చెయ్యి ఆరకముందే తిన్నానా అని అడిగింది. వాళ్ళు లేని జబ్బు ఉందనుకున్నారు. ఇప్పుడు అది నిజంగానే వస్తోంది. ఇట్లాగే మంథని పోయి అక్కడ కూడా మంచం మీదే కూర్చుంటే మా అత్త ఇక మా అత్తగా తిరిగి రాదు.

ఆ సాయంత్రం మా ఇంటాయనకు దారి సంగతంతా చెప్పాను. పూర్తిగా విన్నాడు.

"పచ్చి ఒళ్లు నీది. నీకు గూడ హకీం నూనె తెమ్మంటవా?"

దసరాకు ఇంకా గడువుంది. మర్నాడు ఆయన నూలు తేవడానికి బయలుదేరగానే అటకెక్కి పుల్లలు దించాను.

పాతి, దారం చేతిలో పెడితే అత్త వేళ్ళు దారాన్ని గుర్తుపట్టాయి. కాళ్ళు కదిలాయి. నాలుగు తిరుగుళ్ళు కాకముందే ఆగిపోయింది.

"తొవ్వ కనబడ్తలేదు బిడ్డా."

ఆమె కంట నీళ్ళు నేను అదే మొదట చూడటం. ఆ దారి నేను ఎన్నడూ నడవలేదు. కానీ ఇన్నేండ్లు పొయ్యి దగ్గర కూర్చుని విన్నదాన్ని. పసిదాన్ని చంకనేసుకుని పక్కన నడవడం మొదలుపెట్టాను.

"మీ ఇంటి ముంగట ఏముండె అత్తా?"

"బాయి."

"బాయి దాటితె?"

దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. నేను కదపలేదు.

"కుమ్మరోళ్ల బట్టీ. పొగ కండ్లల్ల వడుతుండె."

ఆ రోజు అంతే. మర్నాడు బట్టీ దాటి తాళ్ళ వనం దాకా పోయాం. ఆయన ఇంట్లో లేనప్పుడల్లా కొంచెం కొంచెం నడిచాం. తలకు నూనె రాయడం మానేసి కుంకుడు రసంతో తలంటాను. అంబలి ఆమే అడిగి తాగసాగింది. ఒకనాడు నడుస్తూ నడుస్తూ ఆగి, నా చంకలోని పిల్లను తేరిపార చూసింది. "ముక్కు మా మంథనోళ్లదే. నోరు మాత్రం నీదే పిల్లా, పొద్దంత మూతవడది," అన్నది. నేను ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని కసురుకుంది కూడా.

ఆమె పెద్దపల్లి చేరిన రోజు తువ్వాల పడుగు ఒకటి తయారైంది. దాన్ని మా ఇంటాయన ముందు పెట్టాను. ఎవరు పోశారని అడిగితే మీ అవ్వ అన్నాను. పుంజాలు ఒక్కొక్కటే వేలితో విప్పి చూసుకున్నాడు. పక్క వాడ మనిషికి ఆ వారం కబురు పోలేదు.

దసరా దాటగానే మంథని మామ బండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి తీసుకొచ్చాడు. అత్త ఇంటి పక్క జాగాలో ఉంది. చీర పడుగుకు నూలు సిద్ధం చేసుకుంటోంది. ఎద్దులు నిలబడలేవు, పోదాం పద అక్కా అన్నాడు ఆయన. పడుగయినాక చూద్దాం అన్నది ఆమె. ఆయన మా ఇంటాయన వైపు చూశాడు. మా ఇంటాయన నేల చూపులు చూశాడు. అప్పుడు ఆమె దారం పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు గూడ రా తమ్మీ. గా బండ్ల నువ్వు గూడ ఉంటివి గద. అవ్వ ఒళ్ల పండుకుంటివి."

ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. రోగిష్టి మాట కాదనకూడదని కాబోలు, వెనకాల నడిచాడు. ఆమె బావి అన్నది, బట్టీ అన్నది, తాళ్ళ వనం అన్నది. పెద్దపల్లి ముడి పడేసరికి ఆయన ముఖం మారింది. వాగు దగ్గర, బండి చక్రం ఇక్కడే కదా దిగబడింది అన్నాడు మెల్లగా. ఆ సంగతి నేను ఎన్నడూ వినలేదు. అత్త తలాడించి ఒక తిరుగుడు తిరిగింది. ఆ తర్వాత ఇద్దరికీ కోడె రంగు దగ్గర జగడమైంది. ఆయన తెల్లదన్నాడు, ఈమె ఎర్రదన్నది.

"పాలు తాగే పోరనివి, నీకేం ఎర్క."

"బండెనుక కట్టిందె నా ముంగట. నువ్వు దాని తోక సూసినవు, నేను దాని మొఖం సూసిన."

గోడల మీది నుంచి వాడ ఆడవాళ్ళు చూస్తున్నారు. కోడె రంగు ఎటూ తేలలేదు కానీ అంత జగడంలోనూ ఆమె ఒక్క పోగు తప్పలేదు. కరీంనగర్ దాటాక ఆయనే ముందు ముందు వచ్చే చోట్లు అరిచి చెప్పసాగాడు. ఉరుకకు, ముందుగాల పుంజం కట్టనియ్యి అని ఆమె గదిమింది. వేములవాడ చేరి ఆఖరి ముడి వేసినప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ చేతులు జోడించారు.

మా ఇంటాయన అక్కడికక్కడే పడుగు ఎత్తుకుపోయి అచ్చు ముందు కూర్చున్నాడు. దువ్వెన పండ్ల వంటి ఆ సందుల్లోకి పోగులు ఎక్కిస్తుంటే మేమందరం వాకిలి నిండా నిలబడ్డాం. ఆఖరి పోగు ఆఖరి సందులోకి పోయింది. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. ఆయన తల్లి వైపు చూసి, మళ్ళీ అచ్చు వైపే చూశాడు. మంథని మామ బయటికి నడిచాడు.

"ఎడ్లను ఇప్పున్రి. మా అక్క ఏడికి రాదు. పిచ్చోన్ని నేను."

ఆ రాత్రి ఉండి, తిని, బొంత మాకే వదిలేసి పోయాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులకు అత్త నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. అంత తొందరగా దారి ఎందుకు తప్పిపోయానా అని మంచం మీద ఉన్నప్పటి సంగతి తలపోసుకుంటోందట.

"గీ తొవ్వ నా కాళ్లకు పురాగ ఎర్కైంది. కాళ్లు నడుస్తుంటె మనసు పండుకుంటుండె. కొత్త తొవ్వ కావాలె. మీ లక్సెట్టిపేట తొవ్వ చెప్పు."

ఆమె ఎన్నడూ గోదావరి దాటలేదు. నేను చెప్పబోతే అడుగడుగునా అడ్డం తగిలింది. రేవు ఎటు పక్క, పడవ వాడు కూర్చునే చెట్టేది, దిగాక కుడికా ఎడమకా. నాకు సగం తెలియదు. "నడిచి గూడ సూడకపోతివి, నీ కండ్లు ఎందుకున్నట్టు," అని తిట్టింది. తర్వాత పుట్టింటికి పోయినప్పుడు ఆమె కోసమే ప్రతి మలుపూ చూసుకుంటూ వచ్చాను. అట్లా నాకూ ఆ అలవాటు పట్టింది. ఒక వారమంతా ఆ దారిని పొద్దునా మాపూ అప్పజెప్పించుకుని, తప్పిన చోట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, మా అత్త దాన్ని సొంతం చేసుకుంది.

ఆ దారి మీద మొదటి చీర పడుగు పోసిన పొద్దున నేను పొయ్యి వదిలి వచ్చి చూస్తూ నిలబడ్డాను. గోదావరి దగ్గర కొంచెం నిదానించింది. దాటింది. ఆఖరి పుంజం ముడి వేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, మా లక్సెట్టిపేట ఇంటిని కంటి ముందు పెట్టుకుని చూసినట్టు చూసింది.

"మీ తల్లిగారింటికి వచ్చిన. మీ అవ్వ ఇంట్ల లేదు, చేను కాడికి పోయినట్టుంది. నువ్వన్న జర నీళ్లియ్యి."