నా నంబరెత్తిన టీచరమ్మ

ఏడో తరగతిలో నా లెక్కల పేపరు మీద సారు మార్కులు వేయలేదు. "నీకో దండం" అని రాశారు. ఆ దండం అందుకుని బడి బయటికి వచ్చినవాణ్ని మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అలాంటి నేను ఒకానొక ఎండాకాలం సికింద్రాబాదులో దొరికే ప్రీపెయిడ్ స్కీములన్నీ పక్కపక్కన పెట్టి, ఏ కంపెనీ చవకో తేల్చడానికి కూర్చున్నాను. లేచేసరికి నా వ్యాపారం మునిగింది, నా పెళ్ళాం పుట్టింటికి బట్టలు సర్దింది, ముక్కూ మొహం తెలియని ఒక టీచరమ్మకు బీపీ వచ్చింది. మీరు నవ్వుకోండి, మీకేం. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా పేరు నర్సింగ్. మాది మెట్టుగూడ. బోరు మోటార్లు బాగుచేయడం నా పని. అప్పట్లో ఊరికి సాఫ్ట్‌వేర్ పూనకం వచ్చింది. నిన్న గడ్డి మొలిచిన ప్లాటులో ఇవాళ అపార్ట్‌మెంటు మొలిచేది. అపార్ట్‌మెంటు అంటే బోరు, బోరు అంటే మోటారు, మోటారు అంటే ఎండాకాలంలో కాలిపోయేది. కంప్యూటర్ల వల్ల బాగుపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ని, దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోకుండానే.

నాకు షాపు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా ఒక సెల్ నంబరు. దాన్ని మెట్టుగూడ నుంచి నేరేడ్‌మెట్ దాకా, అక్కణ్నుంచి ఏ.ఎస్. రావు నగర్ దాకా కనిపించిన ప్రతి గోడ మీదా నీలం రంగుతో రాసిపెట్టాను. "బోరు మోటారు రిపేరు, నర్సింగ్" అని పైన, కింద కొబ్బరికాయలంత అంకెలు. ఓట్లకు నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా అన్ని గోడల మీద ఉండేవి కావు. ఆ నంబరే నా షాపు, అదే నా గల్లాపెట్టె, అదే నా ఇంటి బియ్యం. ఈ మాట మీకు ఇప్పుడే అర్థమైంది చూడండి, నాకు అర్థం కావడానికి ఒక ఎండాకాలం పట్టింది.

మా వీధి మొదట్లో రఫీక్ భాయ్ ఫోన్ల కొట్టు. అదివరకు గంటకొక గిరాకీ వచ్చే కొట్టు కాస్తా, కంపెనీల మధ్య పోటీ షురూ అయ్యాక పెళ్ళి పందిరిలా తయారైంది. ఎర్ర జెండా ఒకటి, పచ్చ జెండా ఒకటి, నీలం గొడుగు ఒకటి. ఒకడు నిమిషానికి ఇంత అంటాడు. ఇంకొకడు సెకనుకు ఇంత అంటాడు. వాడిది చవకే కదా అని తీసుకుంటే టాక్‌టైమ్ సగమే వస్తుంది. టాక్‌టైమ్ మొత్తం ఇచ్చేవాడు వ్యాలిడిటీ ఇవ్వడు. రెండూ ఇచ్చేవాడికి మా ఇంట్లో సిగ్నల్ ఉండదు, డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకును కౌగిలించుకుని మాట్లాడాలి. నేనడగకుండానే ఒక కంపెనీవాడు నా ఫోనుకు భక్తి పాట పెట్టి దానికి డబ్బులు కోశాడు. నాకు ఫోన్ చేసినవాళ్ళంతా నేను మాల వేసుకున్నాననుకుని 'స్వామీ' అనడం మొదలుపెట్టారు. కల్లు దుకాణంలో అయితే నాకు పోయడమే మానేశారు. పాట తీసేయమని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, తెలుగు కోసం ఒకటి నొక్కండి, ఫలానా కోసం రెండు నొక్కండి అని నొక్కించి నొక్కించి చివరికి వాళ్ళే ఫోన్ పెట్టేశారు. అప్పుడు ఆ గొంతు నా చేతికి చిక్కితే నొక్కాల్సింది వేరే ఉండేది.

ఆ మంటలోనే నాకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఒక్క కంపెనీకి ఎందుకు లొంగాలి? అందరి దగ్గరా సిమ్ములు కొందాం, ఎవడిది ఎప్పుడు చవకైతే వాడిది అప్పుడు వేద్దాం. పాత సిమ్ముకు వచ్చే ఫోన్లు ఎలాగూ ఉచితం కనుక దానికి పైసా పెట్టక్కర్లేదు. రఫీక్ భాయ్‌తో ఇదంతా చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నర్సింగ్ భాయ్, జెర సోచో, మంచిగ ఆలోచించు. ఇన్ని సిమ్‌లు పెట్టుకుంటే నువ్వే పరేషాన్ అయితవ్."

"నీ రీచార్జ్ కార్డులు అమ్ముడు పోవని భయమా భాయ్?" అన్నాను.

ఆయన సిమ్ములు ఇచ్చేశాడు. అమ్ముకునేవాడే వద్దన్నప్పుడు ఆగాలని కూడా తట్టనంత తెలివి నాది.

ఇక చూడండి నా వైభవం. ఫోను ఒకటే. అదీ పాతది, వెనక మూత రబ్బరు బ్యాండుతో బిగించినది. సిమ్ములన్నీ ఒక వక్కపొడి డబ్బాలో. ఫోన్ చేయాలంటే బ్యాండు తీయాలి, మూత తీయాలి, బ్యాటరీ తీయాలి, ఒక సిమ్ము పీకి ఇంకోటి దూర్చాలి. బాంబు విప్పే పోలీసాయనకు కూడా అంత పని ఉండదు. ఒకసారి తుమ్మితే సిమ్ము ఎగిరి ఒకరి సంపులో పడింది, దిగి వెతికాను. ఇంత కష్టపడి మిగిల్చేది పైసలు. పాత సిమ్మును మళ్ళీ వేయడానికి బద్ధకమై, పోనీ సాయంత్రం వేద్దాం, పోనీ రేపు వేద్దాం అనుకుంటూ దాన్ని డబ్బాలోనే ఉంచేశాను. అది వక్కల మధ్య పడుకుని హాయిగా నిద్రపోయింది.

ఎండలు ముదిరాయి. ఊళ్ళో నీళ్ళ కోసం బిందెలు కొట్టుకుంటున్నాయి. నాకు మాత్రం ఫోన్లు తగ్గాయి. పాత సిమ్మును తీసి వేస్తే గుడ్డిగా చూసింది, సిగ్నల్ గీత ఒక్కటి కూడా రాలేదు. టవరు పాడైందనుకున్నాను. నా తెలివికి అది ఎప్పుడూ కంపెనీ తప్పే.

అప్పుడు నేరేడ్‌మెట్ నుంచి నా పాత గిరాకీ, పాలకేంద్రం యాదగిరి, మా ఇంటి ముందే ఎదురుపడ్డాడు. ముఖం తిప్పుకుని పోతుంటే పట్టుకుని ఆపాను.

"నీతోని మాట్లాడాల్నంటే భయమైతున్నదన్నా," అన్నాడు. "మోటార్ ఖరాబైందని ఫోన్ చేస్తే మీ ఇంటామె ఎత్తింది. ఇంకోపారి చేస్తే పోలీసులకు చెప్త అన్నది. మస్తు గరం గదా ఆమె."

నాకు తిక్క రేగింది. ఇంట్లోకి పోయి అనసూయను పట్టుకున్నాను. గిరాకీలను తిట్టడానికి నీకు ఎంత ధైర్యం, నా కడుపు మీద కొడతావా అని వీధి వీధంతా వినేలా అరిచాను. ఆమె చపాతీలు ఒత్తుతోంది. ఒత్తడం ఆపలేదు.

"ఫోన్ నీ జేబుల ఉంటది. నేనెట్ల ఎత్తుత?"

ఇది నాకు ముందు తట్టలేదు. యాదగిరి గుమ్మం దగ్గర నిలబడి, ఊరికే ఉండక ఇంకో పుల్ల వేశాడు. "అన్నా, ఆమె మాట సుత మన దిక్కుది గాదు. ఏటండీ, ఏటి బాబూ అంటది."

అనసూయ చపాతీ కర్రతోపాటు లేచి నిలబడింది. "నేను భోన్‌గిర్ దాన్ని. నాకు ఏటండీ అని రాదు. ఎవరామె?"

యాదగిరి ఆ తర్వాత అక్కడ లేడు. అనసూయ నన్ను కిరాణా కొట్టు ముందున్న రూపాయి ఫోన్ దగ్గరికి లాక్కుపోయింది. గోడ మీది నా నంబరే చూసి నొక్కింది. అవతల ఆడగొంతు పలికింది. ఎవరు నువ్వని ఈమె, నువ్వెవరని ఆమె. నర్సింగ్ పెళ్ళాన్ని అని ఈమె అనగానే రిసీవరులోంచి వచ్చిన మోత కిరాణా కొట్టులో పప్పు తూకం వేస్తున్నాయనకు కూడా వినిపించింది. అనసూయ రిసీవరు నా చేతికిచ్చింది.

"నీకే. బాగా తెలిసినోళ్ళ లెక్కనే తిడుతున్నది."

నేను హలో అన్నాను.

"ఏటయ్యా, నువ్వేనా ఆ మోటారు నర్సింగువి? ఇన్నాళ్ళకి దొరికేవు," అని ఆమె ఊపిరి తీసుకునేలోపల రూపాయి అయిపోయి లైను తెగింది. నా జన్మలో రూపాయి అంత మంచి సమయానికి అయిపోవడం అదొక్కసారే. ఇంటికి రాగానే అనసూయ పుట్టింటికి బట్టలు సర్దింది.

పాత సిమ్ము పట్టుకుని ఆ కంపెనీ అద్దాల ఆఫీసుకు పోయాను. లోపల చల్లగా ఉంది, నేను తప్ప. కౌంటరులో అమ్మాయి కంప్యూటర్ చూసి నవ్వింది.

"సర్, మీ వ్యాలిడిటీ అయిపోయింది. గ్రేస్ పీరియడ్ కూడా అయిపోయింది. ఆ నంబర్ వేరే కస్టమర్‌కి ఇచ్చేశాం సర్."

"నన్ను అడగకుండనే?"

"రీచార్జ్ చేయమని మీకు మెసేజ్‌లు పంపాం సర్."

డబ్బాలో ఉన్న సిమ్ముకు మెసేజ్ పంపితే ఎవరు చదువుతారు, వక్కలా? గోడలన్నీ నావి, రంగు నాది, నిచ్చెన ఎక్కి నడుం పడిపోయింది నాది, నంబరు మాత్రం మీదా అని కేకలు వేశాను. ఆమె అంతా విని, అదే నవ్వుతో, ఇంకేమైనా సహాయం కావాలా సర్ అంది. సెక్యూరిటీ ఆయన నాకు సహాయం చేసి బయట దింపాడు.

ఇక మిగిలింది ఆ మహాతల్లే. మర్యాదగా ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వచ్చి మొహం చూపించమని ఏ.ఎస్. రావు నగర్‌లో అడ్రసు ఇచ్చింది. సర్దిన బట్టలు పక్కన పెట్టి, ఎవరో చూశాకే పోతానని అనసూయ కూడా బయల్దేరింది. తలుపు తీసిన మనిషికి జుట్టు నెరిసింది, కళ్ళజోడు ముక్కు చివర ఉంది, చేతిలో దిద్దుతున్న పరీక్ష పేపర్లు ఉన్నాయి. పేరు సత్యవతి, సొంతూరు విజయనగరం దగ్గర, పని ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పడం. ఆమెను చూడగానే అనసూయ ముఖం తేటపడింది. నాకు మాత్రం ఆ పేపర్లను చూస్తే ఏడో తరగతి గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాను.

"పాఠం చెప్తుంటే ఫోను, అన్నం తింటుంటే ఫోను, నాకు బీపీ వచ్చీసింది," అంది టీచరమ్మ. "ఒకాయనయితే మోటారు పక్కన ఫోను పెట్టి ఆ చప్పుడు వినిపించేడు. వినండమ్మా, ఇదేటి జబ్బో చెప్పండని. నేను సోషల్ టీచర్నయ్యా. నాకు తెలిసిన మోటార్లు ఎక్కడున్నాయి?"

తప్పు నాదేనని ఒప్పుకుని, ఇన్నాళ్ళూ వాళ్ళకు ఏం చెప్పారమ్మా అని అడిగాను. అక్కడితో ఆగి ఇంటికి వచ్చేసినా బాగుండేది.

"మొదట్లో తిట్టేను. తర్వాత పాపం నీళ్ళు లేక చేస్తన్నారు కదాని జాలేసింది. మా వీధి చివర ఒక కుర్రోడున్నాడు, మోటార్లు చేస్తాడు. వాడి నంబరు చెప్పీసేను అందరికీ."

నా కళ్ళ ముందు ఏ.ఎస్. రావు నగర్ గిర్రున తిరిగింది. నేను నిచ్చెన ఎక్కి, గోడల వాళ్ళతో తిట్లు తిని, కుక్కలతో పరుగులు పెట్టి రాసిన నంబరు ఎండాకాలమంతా ఇంకొకడికి అన్నం పెడుతోంది. వాడికి రంగు ఖర్చు కూడా లేదు. పళ్ళు కొరుక్కుంటూనే బతిమాలాను. ఆ నంబరు నాకు ఇచ్చేయమన్నాను. మా ఊళ్ళో అందరికీ ఇచ్చీసేను, కుదరదంది. పోనీ వచ్చిన ఫోన్లకు పేరూ అడ్రసూ రాసిపెట్టుకుని నాకొక మిస్డ్ కాల్ ఇవ్వమన్నాను. కళ్ళజోడు పైనుంచి చూసింది.

"టీచర్ని గుమస్తాగా పెట్టుకుంటావేటి?"

అనసూయ ఆమె పక్కన చేరి నవ్వింది. దారంతా ఆమెను తిట్టుకుంటూ వచ్చిన మనిషి.

దారి ఒక్కటే మిగిలింది. గోడలన్నీ మళ్ళీ. కొత్త నంబరు కోసం రఫీక్ భాయ్ దగ్గరికి పోతే, కొత్త స్కీమొచ్చింది అని నోరు తెరిచాడు, మా ఆవిడ చూపు చూసి మూశాడు. చేతికి దొరికిన సిమ్ము తీసుకున్నాం. నెత్తి మాడే ఎండలో ఆమె సున్నం బకెట్ పట్టుకుంది, నేను బ్రష్షు పట్టుకున్నాను. పాత నంబరుకు సున్నం కొట్టడం, ఆరాక కొత్తది రాయడం. ఆ గోడలవాళ్ళు ఊరుకుంటారా? ఏందన్నా, నంబర్ మార్చినవ్, అప్పులోళ్ళు తరుముతున్నరా అని ఒకరు. గీ నంబరన్నా ఎత్తుతవా, లేక ఇంకో ఆంటీ ఎత్తుతదా అని ఇంకొకరు. బదులుగా బ్రష్షుతో గోడను కొట్టాను.

మెల్లగా ఫోన్లు రావడం మొదలైంది. ఒక రోజు వచ్చిన ఫోనులో "ఏటి బాబూ" అని వినపడగానే ఉలిక్కిపడ్డాను. టీచరమ్మ ఇంట్లో మోటారు కాలిపోయిందట. వెళ్ళి, పైపులు లాగి, మోటారును బయటికి తీసి, ఆ తడి మోటారు మీద చెయ్యి వేసి ఆమె ముందు ప్రమాణం చేశాను. ఈ చెయ్యి ఇక స్కీములు లెక్కపెట్టదు. ఈ కన్ను ఇక పక్క కంపెనీ జెండాను చూడదు. ఊళ్ళో ఫోన్లన్నీ ఉచితం చేసినా సరే, ఈ నంబరుతోనే పుట్టానన్నట్టు ఈ నంబరుతోనే పోతాను. బోరు గంగమ్మే సాక్షి.

అన్నీ అయ్యాక కడుపులో మంట ఆగక ఒక పోటు పొడిచాను.

"అంతా బాగనే ఉన్నది గానీ టీచరమ్మా, నా గిరాకంతా మీ వీధి చివర పిలగానికి పంపిస్తిరి గదా. మరి మీ మోటార్‌కు వాణ్ని పిలవకపోయిన్రా?"

"పిలిచేనయ్యా. ఎవరో రిటైరయిన మేజరుగారు ఎత్తి, మోటారు మాటెత్తితే కాల్చేస్తానన్నారు. వాడూ చవగ్గా వస్తుందని నంబరు మార్చీసేడట. నువ్వొక్కడివే తెలివైనోడివనుకున్నావేటి?"