సాక్షి ముక్క

మా అక్కను ఆస్పత్రిలో అందరూ పొరలమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆమెది ఒకటే పని. మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనపు దిమ్మల్లో బిగించి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి రంగు వేస్తుంది. రోగం పేరు చెప్పేది డాక్టరమ్మ. అది కంటికి కనబడేలా చేసేది మా అక్క. ఇంట్లో మాత్రం ఉల్లిపాయలు వేలెడు మందాన తరుగుతుంది. అదేమిటే అంటే, దానికెవరూ జీతం ఇవ్వట్లేదుగా అంటుంది.

నేను దర్జీని. ఐదేళ్ళ కిందట నా కాలేయంలో వైరస్ ఉందని తేలింది. సూదితో పక్కలోంచి దారప్పోగంత ముక్క తీశారు. సొంతవాళ్ళ ముక్క నువ్వు ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పినా అక్క వినలేదు. మచ్చ ఉన్నచోటల్లా నీలంగా తేలే రంగు ఒకటుంది. నా ముక్క నిండా నీలం పట్టీలే. ఇది ఇంకా ముదిరితే కాలేయం మార్చడం తప్ప దారి లేదన్నారు. మర్నాటి నుంచి వైరస్‌ని అణిచే నా మాత్రలు అక్క తన దగ్గరే పెట్టుకుంది. రోజూ షాపు తెరిచే ముందు వెళ్ళి ఆమె ఎదురుగా మింగాలి. యాభై ఏళ్ళ మనిషిని, నోరు తెరిచి చూపించమనేది.

అలా మింగుతున్న ఒకరోజు, లోపల అసలేం జరుగుతోందో చెప్పింది. కాలేయంలో చేతులు చాచుకుని కూర్చున్న నక్షత్రాల్లాంటి కణాలుంటాయట. మామూలు రోజుల్లో వాటి పని ‘ఎ’ విటమిన్‌ని నూనె బొట్లుగా దాచుకోవడమే. చుట్టుపక్కల కణాలు వైరస్ దెబ్బకు చస్తుంటే వాటికి కబురు అందుతుంది. అంతే, దాచుకున్నదంతా వదిలేసి, బిగుసుకుని, కొల్లాజెన్ అనే పోగులు అల్లడం మొదలుపెడతాయి. గాయాన్ని మూద్దామనే వాటి తాపత్రయం. దెబ్బ ఆగకపోతే ఆ అల్లికా ఆగదు, అదే మచ్చ. దెబ్బ ఆగితే మాత్రం వాటిలో కొన్ని వాటంతటవే చచ్చిపోతాయట, కొన్ని సద్దుమణిగి మళ్ళీ నూనె దాచుకుంటాయట. అల్లిన పోగుల్ని కత్తిరించే వేరే కణాలు కూడా వస్తాయట. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ కుట్టు వేయడం, విప్పడం నా ఒక్కడికే వచ్చనుకున్నాను మరి.

మొన్న మళ్ళీ సూది పొడిచారు. ఈసారి నీలం చాలా తక్కువ. డాక్టరమ్మ సంబరపడిపోయింది, నేను షాపులో అందరికీ చెప్పేశాను. అక్క ఒక్కతే నవ్వలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"ఒరేయ్, ఆ నీలం నేనే కడిగేశానేమోరా."

సంగతేమిటంటే, రంగు వేశాక, ఎక్కువైన రంగు పోయేలా పలకల్ని ద్రావకంలో ముంచి తీయాలి. ఎక్కువసేపు ఉంచితే మచ్చ ఉన్నా నీలం వెలిసిపోతుంది. అందుకే ప్రతిసారీ మచ్చ ఉందని ముందే తెలిసిన ముక్కనొకదాన్ని తోడుగా ముంచుతారు. దాన్ని సాక్షి ముక్క అంటారు. అది నీలంగా నిలిస్తే రంగు సరిగ్గా పడినట్టు. ముప్పై ఏళ్ళలో ఏనాడూ మరవని మనిషి, నా ముక్క చేతికి రాగానే కంగారులో సాక్షిని పెట్టడం మరిచింది. కళ్ళలో నీళ్ళొచ్చి నిమిషాల లెక్కా తప్పింది. ఆ మాట డాక్టరమ్మకు అప్పటికే చెప్పేసిందట. దిమ్మలో ఇంకో రెండు పొరలకు సరిపడా ముక్కే మిగిలి ఉంది. అది కూడా పాడైతే నాకు మళ్ళీ సూది తప్పదు. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవాల్సింది కదే అన్నాను. అక్క నాకేసి ఒక చూపు చూసి, రేపు పొద్దున తయారుగా ఉండమంది.

మర్నాడు నన్ను వెంట తీసుకెళ్ళి ఓ మూల కూర్చోబెట్టింది. కదలొద్దంది, తుమ్మొద్దంది. నా దిమ్మను పొరలు కోసే యంత్రానికి బిగించి చక్రం తిప్పింది. తెగివచ్చిన పొరను గోరువెచ్చని నీళ్ళ మీదికి దించి గాజు పలకతో పైకి తీసింది. తర్వాత బీరువాలోంచి ఇంకో పాత దిమ్మ తెచ్చి, దాన్నుంచి ఒక పొర కోసి, అదే పలక మీద పక్కనే పరిచింది. రెండూ కలిసి అదే రంగులో, అదే ద్రావకంలో, అవే నిమిషాలు మునిగాయి. ఈసారి లెక్క పైకే పెట్టింది.

డాక్టరమ్మ చూసి, మచ్చ నిజంగానే తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు, మాత్రలు ఆపకూడదు అని చెప్పి, కుర్చీ నాకు వదిలింది. నేను మైక్రోస్కోప్‌లో కన్నుపెట్టాను. ఎడమవైపు మందపాటి నీలం పట్టీలు, ముక్కంతా ఉక్కిరిబిక్కిరిగా ఉంది. కుడివైపున్న నా ముక్కలో అక్కడక్కడా తెగిపోయిన సన్నని పోగులే. మధ్యలోదంతా ఎర్రగా, నిండుగా ఉంది. ఎడమవైపు ముక్క ఎవరిదే పాపం అన్నాను.

"ఐదేళ్ళ కిందటి నువ్వేరా. నీకు నిన్నే సాక్షి పెట్టాను," అంది అక్క.

నేను షాపులో కూర్చుని అందరి కుట్లూ విప్పుతున్నన్నాళ్ళూ లోపల ఎవరో నా కుట్లు విప్పుతూనే ఉన్నారు. సిగ్గు లేకుండా ఏడ్చేశాను. అక్క తొడుగులు విప్పి చేతులు కడుక్కుంది. సంచీలోంచి ఆ రోజు మాత్ర తీసి నా చేతిలో పెట్టి, నేను నోరు తెరిచి చూపించేదాకా అక్కడే నిలబడింది.