బావ పడవలో రాగి పోగులు

మా బావకు ఫ్యూజు అంటే పగ. అది పోయిందంటే తనకేదో అవమానం జరిగినట్టు మొహం పెడతాడు. స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లకూ ఆటోలకూ వైరింగ్ చేసే బామ్మర్దిని నేనుండగా, చేపలు పట్టే తన చిన్న పడవకు ఆయనే వైరింగ్ చేసుకున్నాడు. పొలం దగ్గర బోరు మోటారుకు ఫ్యూజు వేసేది ఆయనేనట. ఆ చదువు చాలట.

ఇంతా చేసి ఆ పడవలో ఉన్నదేమిటి? ఒక లైటు, అడుగున చేరిన నీళ్లు తోడే చిన్న పంపు, ఒక బ్యాటరీ. అంతమాత్రానికే ఆయన చేసిన ఘనకార్యం చూస్తే నాకు నవ్వు కూడా రాలేదు. ఇంట్లో గోడకు పెట్టే స్విచ్చు తెచ్చి, నీళ్లు చిమ్మే అంచున బిగించాడు. అతుకుల మీద పాల ప్యాకెట్ ముక్కలు చుట్టాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట, బోరు డబ్బాలో వేసినట్టే, రాగి పోగులు మెలేసి పెట్టాడు. బ్యాటరీ మీద నైలాన్ వల కుప్ప.

“ఒక్క పోగేస్తే ఊకె పోతాంది. నాలుగేసిన. ఇగ జన్మల పోదు,” అన్నాడు, మీసం సవరించుకుంటూ.

“ఫ్యూజు పోకుంటే వైరే కాలుతది బావా,” అన్నాను. పెద్ద ఇంజనీరు వచ్చిండని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన ఒక్కడే పోతే నా మానాన నేనుందును. వల లాగడానికి మా అక్క కూడా ఆ పడవ ఎక్కుతుంది. అక్కకు ఈత రాదు.

వానాకాలంలో ఒక పొద్దున, రిజర్వాయర్ నడిమధ్యలో, పంపులో నాచు ఇరుక్కుంది. తిరగలేని పంపు కరెంటు మరీ ఎక్కువ లాగింది, అయినా ఫ్యూజు పోలేదు. వైరు కాగి కాగి వల అంటుకుంది. మండుతున్న వలను అక్క వట్టి చేతులతోనే నీళ్లలోకి తోసేసింది. మా మొనగాడు అప్పుడు స్విచ్చు నొక్కుతూ కూర్చున్నాడట. ఒడ్డుకొచ్చి, అక్క కాలిన అరచేతులు చూడకుండా, కొత్త వల పోయిందని ఏడ్చాడు. ఆ మనిషిని చూస్తే అసహ్యం వేసింది.

అక్కను దవాఖానకు తీసుకుపోయి, మర్నాడు పడవలో ఉన్న తీగలన్నీ పీకేశాను. బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, లైటుకొకటి, పంపుకొకటి పెట్టాను. తడి తగలని చోట మూతలున్న స్విచ్చులు బిగించాను. వైర్లన్నీ పైపులోంచి తీశాను. ఒక్కో స్క్రూ తిప్పుతూ, ఒడ్డున ఉన్న పదిమందీ వినేలా బావను తిట్టాను. ఆయన తల దించుకుని బీడీ కాల్చాడు. నాకు మహా హాయిగా అనిపించింది.

వారం తర్వాత అక్క చేతుల కట్లతోనే నా దుకాణానికి వచ్చింది, పడవలో ఉంచుకోవడానికి నాలుగు విడి ఫ్యూజులు కావాలని. అవి పొట్లం కడుతూ మళ్లీ బావ పురాణం ఎత్తుకున్నాను. అక్క వినడం లేదు. నా తల మీద గోడకున్న మెయిన్ బోర్డు వైపు చూస్తోంది. దాని మూత ఎప్పుడో పోయింది. ఇనుము అరగదీసే గ్రైండర్ వేసినప్పుడల్లా ఫ్యూజు పోతోందని, లోపల నేనే రాగి పోగులు చుట్టాను.

“తమ్మీ, గవ్వి ఎన్ని పోగులు?”

తలెత్తి చూడాల్సిన పని లేదు. ఆరు.

చెప్పాను. అక్క కట్లు కట్టిన చేతుల మధ్య పొట్లం ఇరికించుకుని మెట్టు దిగింది.

“మీ బావ నాలుగే ఏసిండు,” అంది.