ముందు తీసిన అన్నం

ఎంగిలి అనే మాట మీద ఆ రోజుల్లో నేను గంటసేపు ఆగకుండా వాదించేవాణ్ణి. అన్నానికి మైల అంటించింది మనిషి పొగరేనని నా సిద్ధాంతం. ఇప్పటికీ అదే అంటాను. కానీ దాన్ని ఎవరి ముందు అనాలో నాకు నేర్పింది ఒక అవ్వ.

పల్లెల్లో దొరల మీద పోరాటం సాగుతోంది. హైదరాబాదులో మా తరగతులు ఆగిపోతే, నేనూ ఇద్దరు సహాధ్యాయులూ జనగామ వచ్చి విద్యార్థుల హాస్టల్లో దిగాం. భయానికి సగంమంది పిల్లలు ఊళ్లకు పోయారు. వంటాయన మాత్రం నిండు హాస్టల్‌కు వండినట్టే వండేవాడు.

"జర తక్కువ వండరాదే?" అంటే, "చేతికి అలవాటైన కొలత. నా చెయ్యి నరికి కొత్తది పెట్టుర్రి" అనేవాడు.

మిగిలిందంతా పెరటి గుంత పాలయ్యేది. రైలు స్టేషన్ వెనక రేకుల షెడ్డులోనేమో, పోలీసు దాడులకు ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలు పస్తులుండేవి. మాకు మండింది. వెనక గది ఊడ్చి, మేం తిన్నాక మిగిలిన అన్నం, పప్పు మూతపెట్టి ఉంచి, పెరటి తలుపు తెరిచాం. నలుగురైదుగురు వచ్చి పట్టుకుపోయారు. మా విజయానికి మేమే మురిసిపోయాం.

మూడో రోజు పాలకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ గిన్నెతో వచ్చింది. కొడుకు జాడ లేదు. కోడలు పదకొండు రోజుల బాలింత, తిండిలేక పాలు పడటం లేదు. అవ్వ గదిలోకి తొంగిచూసి, "మీరు తిన్నంక మిగిలిందా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను. ఖాళీ గిన్నెతోనే వెనక్కి తిరిగింది.

నేను ఊరుకుంటానా? షెడ్డు దాకా వెంటపడి ఉపన్యాసం ఇచ్చాను. ఎంగిలి లేదు, మైల లేదు, అంతా పెద్దకులాల కల్పన అన్నాను. లోపల పసిగుడ్డు సన్నగా ఏడుస్తోంది. అవ్వ ఓపిగ్గా విన్నది.

"అయిపోయిందా? మైల గురించి నిన్నెవలడిగిండ్రు? దొర గడిల వెట్టి జేసినన్ని దినాలు ఎనుక తలుపు కాడ నిలవడి, వాళ్లు తిన్నంక మిగిలిందే తిన్నం. ఇగ తినమని ఊరంతా ఒట్టువెట్టుకున్నం. గందుకే గదా నా కొడుకు ఊరు ఇడిచిపెట్టింది. మీరు గూడ ఎనుక తలుపే తీసిండ్రు."

"మరి ఎట్ల చేయమంటవు అవ్వా?" అన్నాను.

"మీరు తినకముందు తియ్యిండ్రి. గంతే."

ఇంత చదువుకున్న ముగ్గురికీ తట్టని సంగతి!

మర్నాడు పొయ్యి మీంచి అన్నం గంజు దించగానే, ఎవరి విస్తరిలోనూ మెతుకు పడకముందే షెడ్డుకు అన్నం వేరే తీశాం. పెరటి తలుపు మూసి వీధి తలుపు తీశాం. ఆలస్యమవుతోందని హాస్టల్ పిల్లలు గొణిగారు. అవ్వ వచ్చి ముందు మా ముఖాలు చూసింది.

"తిన్నరా?"

"లేదవ్వా. నువ్వు తీసుకున్నంకనే."

అప్పుడు గిన్నె చాపింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. పొయ్యి పొగ అని చెప్పుకున్నాను.

అలా ముందే తీయడం మొదలుపెట్టాక వంటాయన కొలత సరిగ్గా సరిపోయింది. గుంత ఎండిపోయింది. "చూసిండ్రా, నా లెక్క తప్పది" అని ఆయన మీసం దువ్వాడు.

పది రోజులకు కోడలే వచ్చింది, చంకలో బిడ్డ, చేతిలో గిన్నె. బిడ్డ బుగ్గలు తేరాయి. వెనకే అవ్వ.

"అన్నా, జర మామిడికాయ తొక్కు ఉన్నదా? నాలుక సప్పవడ్డది."

"బాలింతవు, తొక్కేందే! బిడ్డకు కడుపునొస్తది!" అని కసిరింది అవ్వ.

బాలింత పథ్యాల మీద నా దగ్గర ఇంకో గంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. అవ్వ నావైపు చూసింది.

"ఏంది, మళ్ల షురువు జేస్తవా?"

"లేదవ్వా" అన్నాను.