చిల్లుల నీడ

పరాయి దేశపు ఎడారిలో ఉన్న మా చాండ్లర్‌లో ఎండ గురించి విసుక్కుంటే ఎవరూ సానుభూతి చూపించరు. "డ్రై హీట్ కదండీ, చెమట పట్టదు" అంటారు. పెనం మీద అట్టుకి మాత్రం చెమట పడుతుందా?

మావారికి గుండెకి స్టెంట్ వేశాక రోజూ నడిచి తీరాలన్నారు డాక్టరు. మావారు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో రిటైరయ్యి సోఫాకి అంకితమైన మనిషి. పైగా హాస్పిటల్ నుంచి వచ్చాక లోపల భయం చేరింది. గేటు దాటితే ఎక్కడ కూలబడిపోతానోనని. ఆ ముక్క నోటితో అనరు. ఎండ పడకపోతే ఏసీలో నడుద్దామంటే, "మాల్‌లో చెప్పుల షాపుల చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యడం నా వల్ల కాదు" అంటారు. పోరగా పోరగా ఒక షరతు పెట్టారు: దారి మధ్యలో నీడలో కూర్చునే చోటుంటే వస్తారట. ఆయన మళ్ళీ బయటి ప్రపంచంలో పడతారా లేదా అన్నది ఆ నీడ మీద ఆధారపడింది.

అదృష్టం, మా ఇంటి వెనక కాలువగట్టు దారి వెంట సిటీవాళ్ళు కళాకారుల చేత నీడపందిళ్ళు కట్టించబోతున్నారు. నమూనాలు చూపించే మీటింగుకి మా వీధి తెలుగువాళ్ళమంతా వెళ్ళాం. మా పందిరి గీసిన కళాకారిణి ఎంతో వినయంగా అభిప్రాయాలు చెప్పమంది. మనవాళ్ళని అభిప్రాయం అడగడమంటే పెళ్ళివారు భోజనాలెలా ఉన్నాయని అడగడమే. "వెరీ నైస్" అన్నాం. పెట్టిన బిస్కెట్లు తిన్నాం. ఒకాయన మాత్రం ధైర్యం చేసి పార్కింగ్ ఉంటుందా అని అడిగాడు. పొద్దున్న ఎండ ఎటునుంచి వస్తుందని ఎవరూ అడగలేదు.

పందిరి లేచింది. తుప్పు రంగు ఇనుప రేకు, దాని నిండా ఎడారి మొక్కల ఆకారంలో చిల్లులు. కింద బెంచీ, మంచినీళ్ళ కుళాయి, కుక్కలకి విడిగా మరో కుళాయి. అందంగానే ఉంది, అబద్ధమెందుకు. నీడ కూడా ఉంది, చిల్లులు పోగా మిగిలినంత. అది పొద్దున్నపూట బెంచీని వదిలేసి పడమటి పక్క కాలువ నీళ్ళ మీద పడుతుంది.

"బాతుల కోసం కట్టించారే దీన్ని" అన్నారు మావారు, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని. మర్నాడు సోఫా దిగలేదు. షరతు షరతేనట.

నాకు ఒళ్ళు మండింది. పాత మంగళగిరి చీర, బట్టల క్లిప్పులు సంచిలో వేసుకుని ఆయన్ని బలవంతాన లాక్కెళ్ళాను. తూర్పువైపు స్తంభాలకి చీర అడ్డంగా కట్టాను. బెంచీ మీద చల్లటి నీడ పరుచుకుంది.

"తీసెయ్యవే, గవర్నమెంట్ ప్రాపర్టీ! ఎవరైనా కంప్లైంట్ చేస్తే?"

"మనం ఈ దేశంలో సిటిజన్లమై ఎన్నేళ్ళయిందండీ?"

"అయితే మాత్రం?" అంటూనే కూర్చుని, బాటిల్ మూత తీసి నీళ్ళు తాగారు.

అప్పట్నుంచి రోజూ వెళ్ళాం. వెళ్ళగానే చీర కట్టడం, వచ్చేటప్పుడు విప్పి మడత పెట్టడం. ఆయన మాత్రం బెంచీ దాటి అడుగు వేసేవారు కాదు. అయినా నాకు సంతోషంగానే ఉండేది.

ఒక పొద్దున్న కెమెరాతో కళాకారిణి ప్రత్యక్షమైంది. మావారు దిగ్గున లేచి, "సారీ మేడమ్, ఇప్పుడే రిమూవ్ చేస్తాం" అని ఇంగ్లీషులో ప్రాధేయపడ్డారు. ఆవిడ వద్దంటే వద్దంది. చీర చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది, అంచు పట్టుకుని నేత చూసి మురిసిపోయింది. ఇదే అదననుకుని నేను అభిప్రాయం చెప్పేశాను: పొద్దున్న ఎండ ఇటునుంచి వస్తుంది, తూర్పువైపు మూసెయ్యండి అని. ఆవిడ శ్రద్ధగా తలూపింది.

మాట నిలబెట్టుకుంది కూడా. కొన్ని నెలలకి తూర్పువైపు ఇనుప చీర వెలిసింది. కుచ్చిళ్ళు, అంచు, కొంగు, అన్నీ ఉన్నాయి. నేత కనిపించాలని రేకంతా సన్నటి చిల్లులు పొడిచారు. ఎండ జల్లెడలోంచి పిండిలా మా నెత్తిన రాలింది. కళాఖండానికి ఏదీ కట్టరాదన్నారు గనక, నా చీర సంచిలోనే ఉండిపోయింది. ఎలా ఉందని ఆవిడ అడిగితే మావారు "వెరీ నైస్" అన్నారు.

ఇక రేపట్నుంచి సోఫాయే అనుకున్నాను. తిరిగి చూస్తే బెంచీ మీద ఆయన లేరు. కాస్త అవతల, ఈ కళాఖండం స్థానిక మహిళల నీడ సంప్రదాయానికి నివాళి అని వివరించే బోర్డు పాతారు. నిలువెత్తు రేకు, ఒక్క చిల్లు లేదు. దాని వెనక పడ్డ నీడలో నిలబడి నీళ్ళు తాగుతున్నారు.

"ఇలా రా, ఇద్దరికీ సరిపోతుంది" అని పక్కకి జరిగారు. గట్టు వెంట దూరంగా మరో పందిరి, దాని పక్కన మరో బోర్డు. కాసేపు అటే చూసి, "ఆ బోర్డు దాకా వెళ్దామా?" అన్నారు.

నా కళ్ళు తడిశాయి. డ్రై హీట్ కదా, అవి ఆరేలోపే ఆయన ముందు నడుస్తున్నారు.