రోడ్డుకు వీపు పెట్టిన దుకాణాలు

మా ఊరి పేరు చెప్పను. మార్కాపురం వాళ్లు చదివితే గిద్దలూరు అనుకుంటారు, గిద్దలూరు వాళ్లు చదివితే మార్కాపురం అనుకుంటారు. ఇద్దరికీ తృప్తే. ఆ ఊరి నడుమ ఒక స్టేడియం ఉంది. స్టేడియం అంటే చుట్టూ ప్రహరీ, ఒక పక్క ఐదు మెట్ల గ్యాలరీ, మధ్యలో వాన పడితే గడ్డి, పడకపోతే ఎర్రమట్టి. గ్యాలరీ నీడన మధ్యాహ్నాలు మేకలు పడుకుంటాయి. అక్కడికి వచ్చే ప్రేక్షకుల్లో క్రమశిక్షణ ఉన్నవి అవే.

ఆ స్టేడియాన్ని ఆనుకుని హోటళ్లు, దుకాణాలు రప్పించాలనీ, సాయంత్రమైతే ఊరు ఊరంతా అక్కడికే వచ్చి తిని, తాగి, కొనుక్కుని పోవాలనీ మా మున్సిపల్ ఆఫీసుకు బుద్ధి పుట్టినప్పుడు నేను అక్కడే కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్నాను. ఇంగ్లీషులో ఎమ్మే చదివినవాణ్ని కాబట్టి బ్రోచరు రాసే పని నా నెత్తిన పడింది. నిండు మనసుతో రాశాను. అందులో మేకలు లేవు.

బ్రోచరు పట్టుకుని మా పెద్దసారూ నేనూ ఒంగోలు వెళ్లాం. ఏసీ హోటలున్న ఒక పెద్దమనిషి దాన్ని చేతులు తుడుచుకునే కాగితాన్ని పట్టుకున్నంత మర్యాదగా పట్టుకుని అడిగాడు.

"నెలకి మ్యాచులు ఎన్నుంటాయండీ?"

పెద్దసారు నా వైపు చూశారు.

"ఆగస్టు పదిహేనున పెరేడ్ ఉంటుందండీ," అన్నాను.

"ఆ తర్వాత?"

"జనవరి ఇరవై ఆరు."

ఆయన మాకు కాఫీ ఇప్పించాడు. కాఫీ బాగుంది. ఆ ప్రయాణంలో మేం సాధించింది అదే.

బయటివాళ్లు రారని తేలాక, ఊళ్లోవాళ్లతోనే కానిద్దాం అనుకున్నారు. స్టేడియానికి దక్షిణం వైపు ప్రహరీ వెంబడి, రోడ్డు వారన, అప్పట్లో పన్నెండు తోపుడుబండ్లు ఉండేవి. నాలుగోది మా చిన్నమ్మది. మా అమ్మకు సొంత చెల్లెలు. కారం దోసె, చెనక్కాయ పచ్చడి, అంతే. చిన్నాయన నడుము పడిపోయి మంచం పట్టినప్పటి నుంచీ ఆ ఇల్లు నడిచింది ఆ పెనం మీదే. బస్సు దిగినవాళ్లు, కోర్టుకొచ్చినవాళ్లు, మేకలు అమ్ముకోను వచ్చిన కాపర్లు, అందరూ ఆమెను అత్తా, అక్కా, వదినా అని పిలిచి నిలబడే తినేవాళ్లు. బండ్లు ఊరికి అందం కాదని వాటిని తీయించి, ప్రహరీ కొట్టి, అదే చోట పన్నెండు దుకాణాలు కట్టించారు. షట్టర్లన్నీ రోడ్డు వైపు. అంతవరకు ఎవరి తప్పూ లేదు.

వేలంపాట నాడు షామియానా కింద యాభై కుర్చీలు వేశాం. యాభై మందీ వచ్చారు. మజ్జిగ తాగారు. ఒక్కడూ పాట పాడలేదు. పెద్దసారు రెండుసార్లు గొంతు సవరించుకున్నాక, ముందు వరసలోని కిరాణా కొట్టు ముసలాయన లేచాడు.

"సార్, దక్షిణం ముఖం గదా. అది యముడి దిక్కు. దుకాణం పెట్టుకొని ఆయన్నే పిలుచుకుందుమా?"

"అంతకు ముందు బండ్లు అక్కడే ఉన్నాయి కదండీ," అన్నాను నేను.

"బండ్లోళ్ల సంగతి వేరే నాయనా. వాళ్లకు పోయేదేముంది?"

యాభై తలలూ ఊగాయి. వారంలోగా దొనకొండ వైపు నుంచి వాస్తు చూసే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన దిక్సూచి పెట్టుకుని పన్నెండు దుకాణాలూ తిరిగి, దక్షిణం మూసెయ్యమన్నాడు, ఉత్తరం తెరవమన్నాడు. ఉత్తరం కుబేరుడిది. ఉత్తరాన స్టేడియం ఉందన్న సంగతి ఆయన దిక్సూచిలో కనబడలేదు.

"రెండు వైపులా షట్టర్లు పెడితే?" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేనడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "లక్ష్మి ఇట్ల వచ్చి అట్లనే పోతాది నాయనా."

అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. ఎమ్మే చదివిన తల కాబట్టి కొంచెం నెమ్మదిగా ఊగింది, అంతే తేడా.

షట్టర్లు పీకి గ్రౌండు వైపు బిగించారు. రోడ్డు వైపు గోడ కట్టేశారు. గోడ బోసిగా ఉందని కింద సగానికి మా ప్రాంతపు పలకరాయి అంటించి, పైన రంగులతో బొమ్మలు వేయించారు. బల్లెం విసిరేవాడు ఒకడు, కబడ్డీ ఆడేవాళ్లు నలుగురు, చివర దుకాణాల దగ్గర పలకరాయి చాలక కింది దాకా రంగే వేసిన చోట నిలువెత్తు పరుగుపందెం మనిషి. ఊరికి వీపు పెట్టి, మేకలకు ముఖం చూపిస్తూ పన్నెండు దుకాణాలు నిలబడ్డాయి. ఈసారి వేలంపాట గంటలో అయిపోయింది.

చిన్నమ్మ పాటకు వచ్చేది కాదు. నేనే వెంటబడ్డాను.

"నాకెందుకురా షట్టరు? పెనం ఉంటే చాలదూ?"

"చిన్నమ్మా, ఎండకూ వానకూ ఎన్నాళ్లు నిలబడతావు? ఫ్యాను కింద కూర్చోబెట్టి వడ్డిస్తే నీ దోసెకు ఇంకా విలువ."

"జనం లోపలికి వస్తారంటావా?"

"స్టేడియం చిన్నమ్మా! రాక యాడికి పోతారు?"

ఆమె నా ముఖం చూసింది. చదువుకున్నవాడు, ఆఫీసులో ఉన్నవాడు, అక్క కొడుకు. ఈ మూడింట్లో ఏది నమ్మిందో తెలియదు గానీ బండి అమ్మేసి ఆరో నంబరు దుకాణం తీసుకుంది.

తెరిచిన మొదటి రోజే ఒక చిన్న విషయం బయటపడింది. దుకాణాలు మా ఆఫీసువి. గ్రౌండు ఆటల శాఖది. గేటు గ్రౌండుది. గ్రౌండు గేటు పొద్దున ఐదు నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు తీస్తారు. మిగతా వేళ తాళం. తాళంచెవి కాపలాదారు మొలతాడుకు. మధ్యాహ్నం ఆకలైనవాడికి దోసె కావాలంటే కాపలాదారు మొల వెతకాలి. అలా వెతకడానికి ఎవరూ ఉత్సాహం చూపలేదు. పొద్దున వచ్చేవాళ్లు కొవ్వు కరిగించుకోను వచ్చినవాళ్లు. దోసె వాసనకే ముఖం తిప్పుకుని ఇంకో రౌండు కొట్టేవాళ్లు. చిన్నమ్మకూ మిగతావాళ్లకూ మాత్రం కాపలాదారు వచ్చి తాళం తీసేవాడు. రోజుకు రెండు దోసెలు ఆయన వంతు.

గేటు వేళలు మార్చమని మేం రాశాం. తమ పరిధిలోది కాదని వాళ్లు రాశారు. వాళ్ల ఉత్తరంలో భాష మా ఉత్తరంలో కంటే బాగుంది.

ఇక రోడ్డు వైపు. తలుపుల్లేని, కిటికీల్లేని, ఎవరూ చూడని పొడుగాటి గోడ మా ఊరి మగవాళ్లకు దేనికి పనికొస్తుందో చెప్పనక్కర్లేదు. బస్సు దిగగానే మొదట ఆ గోడ దగ్గరికే పోయేవాళ్లు. పొరుగూళ్ల వాళ్లు కూడా వెతుక్కోకుండా నేరుగా వచ్చేవాళ్లు. పలకరాయి మీద తెల్లటి చారలు కట్టాయి. పరుగెత్తేవాడు మోకాళ్ల దాకా తడిసిపోయాడు. 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని పెద్ద అక్షరాలతో రాయించాం. అంతవరకు చోటు తెలియనివాళ్లకు కూడా తెలిసింది.

ఎండాకాలం మధ్యాహ్నం ఆ వాసన చిన్నమ్మ వంటగదిలోకి, పొగ పోవడానికి పైన వదిలిన ఫ్యాను కంతలోంచి దిగేది. ఆమె సాంబ్రాణి వేసేది. సాంబ్రాణి, మాడిన నూనె, ఆ మూడోది, మూడూ కలిసిన గాలిలో కూర్చుని నేనొక రోజు దోసె తిన్నాను. సగం తిన్నాను. మిగతా సగం ఆకులో చుట్టి, బయట పారేస్తుంటే చూసింది. చెయ్యి కడుక్కోమని చెంబు ఇచ్చింది.

ఒక పెద్ద నాయకుడి కోసం గ్రౌండులో హెలికాప్టర్ దిగింది. ఎర్రమట్టి లేచి పన్నెండు దుకాణాల్లోకీ సమానంగా పంపిణీ అయింది. ఆ రోజు పిండి బకెట్టు మొత్తం పారబోసి వచ్చి చిన్నమ్మ మెట్ల మీద కూర్చుంది.

"నాయనా, మీ చిన్నాయన మందులకు ఈ నెల ఏం చేయాల్నో చెప్పు. బ్రోచర్లో రాసినావా?"

రాయలేదు.

మర్నాడు ఆమె ఆ పొగ ఫ్యాను ఊడదీసింది. స్టూలెక్కి, ఆ కంతలోంచి తల బయట పెట్టి, రోడ్డు మీద పోయేవాళ్లను పిలిచింది. పాతవాళ్లు గుర్తుపట్టారు.

"అత్తా, ఆడ ఏం చేస్తున్నావు? జైల్లో వేసినారా?"

"ఊఁ. నీకు దోసె పోసిన నేరానికి. రెండా, మూడా?"

పొట్లాలు పైనుంచి దిగాయి. మొదట చీపురూ బకెట్టూ ఇచ్చి, గోడ కడిగినవాడికే దోసె అంది. నలుగురు నిజంగా కడిగారు. వారంలో జనం మరిగారు. తినేవాళ్లు నిలబడేసరికి ఆ పది గజాల గోడ దగ్గరికి మిగతావాళ్లు వచ్చేందుకు సిగ్గుపడ్డారు. రోజూ నాలుగు దోసెలు తినే తాపీమేస్త్రీ ఒకడు, "అక్కా, నీ రెక్కలు పడిపోతాయి," అని ఒక మధ్యాహ్నం సమ్మెట తెచ్చి ఆ కంతను నడుమెత్తు దాకా కొట్టి కిటికీ చేసిపెట్టాడు. మిగతా పదకొండు దుకాణాలవాళ్లూ తమ గోడల వైపు ఆలోచనగా చూడడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పెద్దసారు నన్ను పిలిచి నోటీసు రాయమన్నారు. ప్రభుత్వ ఆస్తికి రంధ్రం చేసినందుకు ఏడు రోజుల్లో మూసివేయాలి, లేనిచో కేటాయింపు రద్దు.

"సార్, అక్కడ వ్యాపారం జరుగుతోంది. మనకు కావలసింది అదే కదా."

"కావలసిందే. కానీ ఇట్ల కాదు."

నోటీసు రాశాను. ఆఫీసులో అంత శుభ్రంగా రాయగలిగినవాణ్ని నేనే. నేనే తీసుకెళ్లాను. కిటికీ ముందు పదిహేను మంది ఉన్నారు. చిన్నమ్మ అట్లకాడ ఆపలేదు.

"చదువు. కళ్లద్దాలు లేవు."

"తర్వాత చదువుతాలే చిన్నమ్మా."

"ఇప్పుడే చదువు. వీళ్లూ వింటారు. నువ్వు రాసినావా, సారు రాసినాడా?"

"నేనే."

"అయితే బాగుంటాది. కానియ్, చదువు."

చదివాను. 'రంధ్రము' అన్న చోట ఎవడో నవ్వాడు. పూర్తయ్యాక చిన్నమ్మ అడిగింది, "ఏడు రోజులా? సరే, ఏడు రోజులు పోస్తా. నీకు కారం ఎక్కువా, తక్కువా?"

ఎనిమిదో రోజున కంత మూయడానికి ఆఫీసు కాంట్రాక్టరు పంపింది ఆ తాపీమేస్త్రీనే. వాడు కిటికీ ముందు నిలబడి నాలుగు దోసెలు తిని, చెయ్యి కడుక్కుని, "అక్కా, కొంచెం ఎనక్కి జరుగు," అని ఇటుకలు పేర్చాడు. అటుపక్క ఆమె ముఖం వరస వరసగా తగ్గి చివరికి కనబడకుండా పోయింది. నేను పనికి సాక్షిగా సంతకం పెట్టాలి. పెట్టాను.

మూడు రోజులు చిన్నమ్మ దుకాణం తీయలేదు. నాలుగో రోజు బేస్తవారిపేట పోయి, తను అమ్మిన బండినే వెతికి పట్టుకుంది. కొన్నవాడు దాని మీద చెప్పులు పెట్టి అమ్ముతున్నాడట. తిరిగి కొనుక్కుని, కడిగి, పసుపు పూసి, మూసేసిన కిటికీకి సరిగ్గా ఎదురుగా గోడకు ఆనించింది. ఆరో నంబరులో ఇప్పుడు పిండి డ్రమ్ములు, గ్యాసు బండలు ఉంటాయి. తెల్లవారి గేటు తీసినప్పుడు కావలసినవి బయటికి తెచ్చుకుంటుంది.

"దక్షిణం గదా అక్కా, దోషం లేదా?" అని పక్క దుకాణంవాడు అడిగాడు.

"బండికి ముఖం యాడుంటాది రా? ఏ పక్క మనిషి నిలబడితే అదే ముఖం."

రెండు నెలల్లో మిగతావాళ్లూ బండ్లు తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ గోడ వెంట పన్నెండు బండ్లున్నాయి, వెనకాల వాటికి పన్నెండు పక్కా గోడౌన్లున్నాయి. సాయంత్రమైతే జనం నిజంగానే వస్తారు. బండ్లు ఊరికి అందం కాదని మొన్న మీటింగులో మళ్లీ ఎవరో అన్నారు. కొత్త బ్రోచరు రాయమని నాకు చెప్పారు.

చిన్నమ్మకు ఆ సంగతి చెప్పాను. ఆమె పెనం మీద నీళ్లు చల్లి, అది చుర్రుమనేదాకా ఆగి, "రాసుకో. అది నీ పని. నా పని కూడా ఒకటి చేసి పో," అంది.

అందుకని రోజూ ఆఫీసుకు పోయే ముందు ఒక బకెట్టు, ఫినాయిలు, కొబ్బరి చీపురు తీసుకుని వెళ్తాను. బండ్ల వరస దాటాక, బొమ్మలోని పరుగెత్తేవాడి దగ్గర ఇంకా నాలుగు గజాల గోడ ఖాళీగా ఉంది. రాత్రి బస్సులవాళ్లు దాన్ని వదల్లేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని రుద్దుతాను. వాడి మోకాళ్ల కింద రంగు పూర్తిగా లేచిపోయింది. కాళ్లు లేకుండానే పరుగెత్తుతున్నాడు. నేను ఇటు తిరిగి చీపురు దులుపుతుంటే అటు చివర ఒకడు అప్పటికే నిలబడి ఉంటాడు. నన్ను చూసి తల పంకించి, "కడుగుతున్నారా సార్, మంచి పని," అంటాడు. పని మాత్రం ఆపడు.