కవరు బొమ్మల గణేష్‌బాబు

రాజమండ్రిలో కంప్యూటర్ గేముల సీడీలమ్మే గణేష్‌బాబు ఏనాడూ గేమ్ ఆడి ఎరగడు. కానీ కొత్త సరుకు రాగానే ప్రతి కవరునూ చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, పెళ్లిచూపుల్లో మేనత్తలా పరీక్షించేవాడు. "ఇందులో మంట లేదండి, సరుకు కదలదు" అని తీర్పిచ్చేవాడు. తుపాకులూ కోరలూ ఉన్నవే గాజు అరలోకి ఎక్కేవి. చదరంగం సీడీని ఎవరూ ముట్టకపోయేసరికి, దానికి నిప్పులు కక్కే రాక్షసుడి కవరు తొడిగాడు. మర్నాడే కాలేజీ అమ్మాయి ఆశాజ్యోతి ముచ్చటపడి కొనుక్కెళ్లి, సాయంత్రానికి రుసరుసలాడుతూ తిరిగొచ్చింది.

"రాక్షసుడేడండీ? లోపలన్నీ బంట్లూ ఏనుగులూనూ!"

"బొమ్మ చూసే కదమ్మా కొన్నారు?"

"ఔనండి."

"చూశారా, నా అంచనా తప్పదు!" అని గణేష్‌బాబు మురిసిపోయాడు.

ఆమె డబ్బు వాపసు తీసుకుని, తిన్నగా ఎదురు షాపులోకి నడిచింది. అక్కడ ఆమె ఎంచుకున్న సీడీ కవరును ఇక్కణ్ణుంచే ఒక కన్ను మూసి చూసి, "మంట లేదు" అని గణేష్‌బాబు జాలిగా పెదవి విరిచాడు.